వైదేహి గారి ముసలమ్మలు

శనివారం ఉదయం ఫోన్ మోగింది. తెర మీద వైదేహి గారి నంబరు. శనివారాలు ఆ వేళకు ఆమె ఫోన్ చేయడం ఎన్నో ఏళ్ళుగా మా ఇద్దరి మధ్య ఆనవాయితీ. అందుకే వెల్లింగ్టన్‌లోని మా ఫ్లాట్‌లో టీ కప్పు పట్టుకుని కూర్చుంటూ, "చెప్పండి మేడం, ఈ వారం ఎవరి మీద కోపం?" అన్నాను నవ్వుతూ. అవతల నుంచి ఆమె భర్త సుబ్రహ్మణ్యం గారి గొంతు వినిపించింది.

"రజితా, నేనమ్మా, అంకుల్‌ని. మీ మేడం పోయిందమ్మా. నిద్రలోనే పోయింది. లేపితే లేవలేదు."

అప్పుడు నేనన్న మాట ఎవరితోనూ చెప్పుకోదగ్గది కాదు. "డాక్టర్‌ని ఇంకోసారి చూడమనండి అంకుల్" అన్నాను. ఏ ఫలితాన్నైనా రెండోసారి చూడకుండా నమ్మకూడదని నాకు నేర్పింది ఆ మహాతల్లే. ఆ క్షణాన నా బుర్రలో పనిచేసింది అదొక్కటే. అంకుల్ కోప్పడలేదు. "చూశారమ్మా" అని మాత్రం అన్నారు. వాళ్ళుండే పామర్‌స్టన్ నార్త్‌కు కారు నడుపుతున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఎక్కడో పొరపాటు జరిగిందని, వెళ్ళి చూస్తే సరిపోతుందని అనిపిస్తూనే ఉంది. ఇది రాస్తున్న ఈ పూటకూ ఆ అయోమయం నన్ను పూర్తిగా వదలలేదు.

ఇక్కడి మన తెలుగు పత్రిక పాఠకులలో చాలామందికి ఆమె ఉగాది నాడు పెద్ద గిన్నెడు పులిహోర తెచ్చే ఆంటీగానే పరిచయం. బాపట్లలో పుట్టి, హైదరాబాదులో చదివి, పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చి, ఇక్కడి విశ్వవిద్యాలయంలో అణుజీవశాస్త్రం బోధిస్తూ జీవితమంతా ఒకే ఒక్క కణంతో బతికే జీవుల మీద పరిశోధన చేసిన విదుషీమణి అని తెలిసినవాళ్ళు తక్కువ. తెలియనివ్వలేదు కూడా. ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే, "గడ్డి కషాయం కాస్తుంటానండీ" అనేవారు. అది హాస్యం కాదు, నిజమే. ఆమె జీవులకు ఆహారం ఎండుగడ్డి మరిగించి వడకట్టిన నీరు, అందులో పెరిగే బ్యాక్టీరియా. లాబ్‌లోకి అడుగుపెడితే పశువుల కొట్టం వాసన వచ్చేది.

వరంగల్ నుంచి విద్యార్థినిగా వచ్చిన కొత్తలో ఏకకణజీవికి చావు లేదని నా నమ్మకం. ఒకటి రెండుగా చీలుతుంది, రెండు నాలుగవుతాయి, మరి శవం ఎక్కడ? పుస్తకంలో చదివిన ఆ మాటే మొదటి రోజు ఆమె ముందు ఒప్పజెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పుస్తకం రాసినాయన వాటిని రోజూ చూసి ఉండడమ్మా. ముసలితనం వాటికీ ఉంది. దా, చూపిస్తా" అన్నారు.

ఆమె పెంచిన జీవి పేరు పారమీసియం. గాజు గిన్నెను వెలుతురుకు ఎత్తి పడితే తెల్లటి నలుసుల్లా ఈదుతుంటాయి. ఆ చిన్న ప్రాణి ఒంట్లో రెండు రకాల కేంద్రకాలుంటాయి. పెద్దది నిత్య సంసారం నడుపుతుంది. చిన్నది మాట్లాడకుండా ఓ మూల కూర్చుంటుంది. ఈ సంగతి నా బుర్రకెక్కడం లేదని గ్రహించి ఆమె చెప్పిన పోలిక నేను తర్వాత నా విద్యార్థులకు ఎంతమందికి చెప్పానో.

"ఆవకాయ పెట్టిన జాడీకి గుడ్డ కట్టి అటకెక్కిస్తాం కదా. రోజూ వేలు పెట్టేది వంటింట్లో సీసాలో. నాలుగు రోజులకి తడి తగిలి సీసాలోది పాడవుద్ది. అప్పుడేం చేస్తాం? అది పారేసి, సీసా కడిగి, జాడీలోంచి మళ్ళీ తీసుకుంటాం. ఇవీ అంతే. అరిగిపోయిన పెద్ద కేంద్రకాన్ని ముక్కలు చేసి వదిలించుకుని, దాచిపెట్టుకున్న చిన్నదాన్నుంచి కొత్తది తయారుచేసుకుంటాయి. వయసు మళ్ళీ మొదటికొస్తుంది."

"ఎప్పుడు మేడం?"

"ఆకలేసినప్పుడు. వేళకి తిండి పెడితే ఆ ఊసే ఎత్తవు. హాయిగా తింటా ముసలైపోయి, గడువు తీరాక పోతాయి. పస్తు పడుకోబెట్టామో, పడుచువాళ్ళయి కూర్చుంటాయి."

ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, మిగిలిన కథంతా దాని మీదే నడుస్తుంది. ముసలితనాన్ని పరిశీలించాలంటే వాటిని ఒక్క పూట కూడా ఆకలితో ఉంచకూడదు. అలా వేళ తప్పకుండా తిండిపెట్టి, కావాలని వృద్ధాప్యంలోకి నడిపించిన కణాలకు ఆమె పెట్టిన పేరు ముసలమ్మలు. లాబ్‌లో మాకు సాయంగా ఉండే ఇయన్ అనే ఈ దేశపు కివీ పెద్దాయన కూడా ఆ మాటే నేర్చుకుని, "మూసలామ్మాస్ బాగున్నారు ఈ రోజు" అని పొద్దున్నే కబురు చెప్పేవాడు.

ఆమె స్వభావంలో నన్ను విస్మయపరిచినదీ, తరచు విసిగించినదీ ఒక్కటే. దేన్నీ దేనితోనూ కలపనిచ్చేవారు కాదు. ఒక గాజు గొట్టం ఒక గిన్నెకే. ఒక గిన్నెలో మునిగింది ఇంకో గిన్నె దగ్గరకు వచ్చిందా, ఆ రోజు మాకు మూడినట్టే. ఆ పట్టింపు అక్కడితో ఆగితే బాగుండేది. లాబ్ చెప్పులు వేరు, ఇంటి చెప్పులు వేరు. "లాబ్‌లో ఉన్నంతసేపూ నన్ను పేరు పెట్టి పిలువు, అందరూ అలాగే పిలుస్తారు. ఇంటికొస్తే ఆంటీ అను. రెండూ కలపకు" అన్నారు నాతో. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, ఆంటీ అనడానికి ధైర్యం చాల్లేదు. అన్నిచోట్లా మేడం అనే అన్నాను. ఆమె శాసనం చెల్లుబాటు కానిది బహుశా నా ఒక్కదాని దగ్గరే.

విశ్వవిద్యాలయం నదికి ఒక ఒడ్డున, ఊరు మరో ఒడ్డున. సాయంత్రం నన్ను కారులో ఇంటి దగ్గర దింపేవారు. వంతెన దాకా వాదోపవాదాలు సాగేవి. వంతెన దాటామా, లాబ్ మాట బంద్. నా నోట్లో సగం వాక్యం ఉన్నా సరే, "రేపు చెప్పు. ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" అనేవారు. ఇంట్లోనూ అంతే. మున్సిపల్ కార్యాలయంలో లెక్కలు చూసే అంకుల్‌కు ఆమె పరిశోధన ఏమిటో తెలియదు, ఆయన ఆఫీసు గొడవలు ఆమెకు తెలియవు. "తెలిసి ఏం చేసుకోవాలి? ఇద్దరం కలిసి కాఫీ తాగుతాం, అది చాలదూ?" అనేవారు అంకుల్. ఆదర్శ దాంపత్యమని మేమంతా మెచ్చుకున్నాం. ఇప్పుడు ఏమనాలో తెలియడం లేదు.

ఆమె నిజాయితీ గురించి ఒక్క మాట. నా పరిశోధన పత్రంలో 'నిరూపితమైనది' అని రాసినచోట ఎర్ర సిరాతో గీత గీసి, "ఎవరికి?" అని ప్రశ్న వేశారు. ఓ సభలో ఒక పెద్దమనిషి ఏదో అడిగితే వేదిక మీద నిలబడి ఏ తడబాటూ లేకుండా, "నాకు తెలియదు, తెలిశాక ఉత్తరం రాస్తాను" అన్నారు. రాశారు కూడా. కింద కూర్చున్న నేను సిగ్గుతో తల దించుకున్నాను. బయటికొచ్చాక నా ముఖం చూసి, "తెలియదన్నందుకు ఉద్యోగం తీసేయరులే అమ్మాయ్" అని నవ్వారు.

ఇక అసలు సంగతి. ఒక చలికాలంలో మా లాబ్‌లోని ఇన్‌క్యుబేటర్ చెడిపోయింది. వెచ్చదనం లేకపోతే ముసలమ్మలు దక్కవు. అప్పుడు ఒకే తల్లి కణం సంతానమున్న గిన్నెలను రెండు వాటాలు చేశారు. ఒక వాటా ఇయన్ వేరే లాబ్‌లో పెట్టాడు. రెండో వాటాను ఆమె, జీవితంలో మొదటిసారి తన నియమాన్ని తానే తప్పి, ఇంటికి తీసుకెళ్ళారు. ఈ దేశంలో ప్రతి ఇంట్లోనూ వేడినీళ్ళ సిలిండర్ ఉండే అల్మారా ఒకటి ఉంటుంది కదా. తువ్వాళ్ళు ఆరేసుకోమని కట్టిచ్చిన ఆ అల్మారాలో మనం పెరుగు తోడుపెడతాం, ఇడ్లీ పిండి పులియబెడతాం. వైదేహి గారు ఆ పెరుగు గిన్నె పక్కనే ముసలమ్మలను సర్దారు. మధ్యలో ఓ రెండు రోజులు ఆమె వెల్లింగ్టన్‌లో సమావేశానికి వెళ్ళాల్సి వస్తే, సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెంచాడు గడ్డి కషాయం పోయమని అంకుల్‌కు అప్పగించారు. ఇన్‌క్యుబేటర్ బాగయ్యాక గిన్నెలను మళ్ళీ లాబ్‌కు చేర్చారు.

ఇయన్ వాటాలోని ముసలమ్మలు గడువు తీరగానే పోయారు. ఇంట్లో ఉండి వచ్చిన వాటా పోలేదు. ఇంకో పూర్తి ఆయుష్షు బతికింది. కడుపు నిండా తింటూ, ముసలితనాన్ని దాటి రెండో జీవితం జీవించింది. ఎలా? ఆమె చివరిదాకా వెతికిన ప్రశ్న ఇదే.

ఆకలేమోనన్న అనుమానం అందరికంటే ముందు ఆమెకే వచ్చింది. ఆ రెండు రోజుల గురించి అంకుల్‌ను అడిగారు. "పెట్టారా?" అంటే ఆయన "పెట్టాను" అన్నారు. అంతటితో ఆ అనుమానాన్ని కొట్టేశారు. మా కొలతలను మూడుసార్లు సరిచూసే మనిషి ఆయన మాటను రెండోసారి అడగలేదు. ఆకలికి ఆనవాలు, అంటే పగిలిన కేంద్రకం ముక్కలు, కనబడాలంటే అప్పటికప్పుడు రంగు వేసి చూడాలి. ఇంట్లో ఆ సరంజామా లేదు. లాబ్‌కు తిరిగొచ్చేసరికి ఏ ముక్కలున్నా కరిగిపోయి ఉంటాయి.

ఆ తర్వాత ఏటా చలికాలం వచ్చిందంటే కొత్త తరం ముసలమ్మలను ఇంటి అల్మారాలో పెట్టేవారు. అల్మారా వేడి కొలిచారు. రాగి గొట్టాలను అనుమానించారు. కుళాయి నీళ్ళను అనుమానించారు. చివరికి పెరుగును కూడా వదల్లేదు. ఈసారి వేళ తప్పకుండా స్వయంగా తిండి పెట్టేవారు. ఏ ఏడూ మళ్ళీ ఆ ఫలితం రాలేదు. గడువు తీరగానే ముసలమ్మలు బుద్ధిగా పోయేవారు. "వచ్చినంతమట్టుకు ప్రచురించొచ్చు కదా మేడం, పేరొస్తది" అని నేను పోరు పెట్టాను. "ఎందుకొచ్చిందో తెలియని దానికి నా పేరు తగిలించి ఏం చేసుకోనే?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా బంగారం పెట్టుకుని పస్తుండడమేమిటని ఇయన్‌తో కూడా అన్నాను.

ఈ చలికాలం కూడా అల్మారాలో ముసలమ్మలున్నారు. దహనసంస్కారాలప్పుడు ఆ సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. ఇల్లంతా జనం. ఆక్లండ్‌లోని శాండ్రింగ్‌హామ్ నుంచి వచ్చిన బంధువులు వంటకు పూనుకున్నారు. ఆ ఇంట్లో పెరుగు తోడుపెట్టే దిక్కు లేదు, ఆ అల్మారా తలుపు తెరిచినవాళ్ళూ లేరు. చుట్టాలు వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఇయన్ వచ్చాడు. ఆమె పేరు మీద ఆ పాత ఫలితాన్ని మేమిద్దరం కలిసి ప్రచురించాలని, అదే ఆమెకు తగిన స్మారకమని అతని ఆలోచన. నాకూ ఆ కోరిక ఉంది. మాటల మధ్యలో అతనే ఉలిక్కిపడి, "మూసలామ్మాస్ ఎక్కడ?" అన్నాడు.

పరుగున వెళ్ళి అల్మారా తలుపు తెరిచాను. గిన్నెల్లో నీరు తేటగా ఉంది. అంటే తిండి ఎప్పుడో అయిపోయింది. వెలుతురుకు పట్టి చూస్తే చాలావరకు కదలిక లేదు. ఎక్కడో ఒకటీ అరా నలుసు ఈదుతోంది. ఆఖరి ముసలమ్మలను కూడా మేమే పోగొట్టామని నాకు ఏడుపొచ్చింది. ఆమె పోయిన రోజు రాని ఏడుపు అల్మారా ముందు, తువ్వాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు వచ్చింది.

అంకుల్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. "ఏమ్మా, నాలుగు రోజులు తిండి లేకపోతేనే చచ్చిపోతాయా? గ్రహణం నాడు పస్తుంచితే ఏమీ కాలేదే?" అన్నారు.

"ఏ గ్రహణం అంకుల్?"

"అదే, మొదటిసారి ఇంటికి తెచ్చిందే, అప్పుడు. తను వెల్లింగ్టన్‌లో ఉంది. ఆ సాయంత్రం చంద్రగ్రహణం. పట్టు వేళకి మనం తినకూడదు, ఒకరికి పెట్టకూడదు. మా అమ్మ గొడ్డుకి కూడా మేత వెయ్యనిచ్చేది కాదు. ప్రాణమున్న వస్తువులే కదా అని ఆ పూట ఆపాను. మర్నాడు నేరుగా ఆఫీసుకెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చి, శుభ్రంగా తలస్నానం చేసి, అప్పుడు పెట్టాను. తను వచ్చి పెట్టారా అంది. పెట్టానన్నాను. పెట్టాను కదమ్మా?"

ఇయన్‌కు ఈ మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. గ్రహణానికీ తిండికీ సంబంధమేమిటని అతను అడగలేదు. నేలకేసి చూస్తూ కూర్చుండిపోయాడు. నాకు నవ్వాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వంతెన ఇవతల లాబ్ మాట ఎత్తి ఉంటే! "ఆకలేస్తే ఇవి పడుచువాళ్ళవుతాయండీ" అని కాఫీ తాగుతూ ఆయనతో అని ఉంటే! ఆయన అక్కడికక్కడే చెప్పేసేవారు. ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోవచ్చో లేదో కూడా నాకు తెలియదు.

ఇయన్ లేచి, మిగిలిన గిన్నెలను లాబ్‌కు తీసుకెళ్దామన్నాడు. అంకుల్ కూడా వస్తానన్నారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ లాబ్‌లో అడుగుపెట్టడం అదే మొదలు. గుమ్మంలో ఆమె లాబ్ చెప్పులు అలాగే ఉన్నాయి. ఆయన వాటిని దాటి లోపలికి రాలేక ఒక్క క్షణం ఆగిపోయారు. ఇయన్ ఒక చుక్కలో రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టి, చూసి, నాకు చోటిచ్చాడు. పెద్ద కేంద్రకం ముక్కలు ముక్కలుగా పడి ఉంది. పక్కనే కొత్తది గుండ్రంగా తయారవుతోంది. పక్క గిన్నెలో బతికున్నవాటికి తాజా కషాయం పోశాం. మూడో రోజుకు గిన్నె నిండా చురుగ్గా ఈదుతున్నాయి.

ఆమె ఏటేటా ప్రయత్నించినా రాని ఫలితం, ఆమె పోయిన ఇంట్లో ఎవరికీ తిండి ధ్యాస లేకపోవడం వల్ల వచ్చింది. మేం ప్రచురించబోయిన విశేషంలో విశేషం లేదని తేలింది. కడుపు నిండా తింటూ వచ్చిన రెండో ఆయుష్షు లేదు, రహస్యమూ లేదు. ఆకలి, అంతే. ఆమె మొదటి అనుమానమే సరైనది. తెలియని దానికి పేరు తగిలించనన్న ఆమె మాట ఎంత విలువైనదో, దాన్ని విసుక్కున్న నాకు అప్పుడు అర్థమైంది. ఇక ఏ పత్రమూ రాయడం లేదు.

అంకుల్‌కు చెప్పాలా వద్దా అన్నది మిగిలింది. తన గ్రహణం పట్టింపు ఆమెను ఇన్ని చలికాలాలు వెతికించిందని విని ఆయన తట్టుకోగలరా? దాచేస్తే పోదా? ఇయన్ చెప్పొద్దన్నాడు. కానీ ఆ రోజు లాబ్‌లోనే, ఆయనే అడిగారు. మైక్రోస్కోప్‌లో ఒంటికన్నుతో తంటాలుపడి చూసి, "ఏమ్మా, నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా?" అన్నారు. ఆమె దగ్గర చదువుకున్న నోటితో అబద్ధం చెప్పలేకపోయాను.

"తప్పు గాదు అంకుల్. మీరు జెయ్యలే. కానీ మేడం ఎదికింది దీనికోసమే" అని ఆవకాయ జాడీ దగ్గర నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు కూడా వేశారు, మంచి ప్రశ్నలు. అంతా విన్నాక ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది.

"అయితే ఇంటికెళ్ళగానే తనకి చెప్పాలమ్మా" అన్నారు లేస్తూ.

ఇయన్‌కు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కానీ ఆయన్ని సరిదిద్దడానికి నోరు రాలేదు. ఎందుకంటే అదే క్షణంలో నేనూ, శనివారం ఫోన్‌లో చెప్పాలి అనుకున్నాను. ఆయన తలుపు దాకా వెళ్ళి, ఆ చెప్పుల దగ్గర ఆగి, మెల్లగా వెనక్కి వచ్చి కూర్చున్నారు.

ఇలాంటి శాస్త్రవేత్తను, ఇలాంటి గురువును, తెలియదని చెప్పడానికి ఏనాడూ వెనుకాడని ఇలాంటి మనీషిని మళ్ళీ చూస్తామన్న ఆశ నాకు లేదు. ఆమెకు ఈ శిష్యురాలి సాష్టాంగ నమస్కారం. ఆమె గిన్నెలు ఇప్పుడు లాబ్‌లో ఇయన్ దగ్గరున్నాయి. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు అంకుల్ వంతెన దాటి వెళ్ళి వాటికి చెంచాడు కషాయం పోసి వస్తున్నారు. మొన్న ఫోన్‌లో నన్నొక మాట అడిగారు. "అవి పడుచువాళ్ళయిపోయాయిగా అమ్మా, ఇక ముసలమ్మలనకూడదు. మరి ఏమనాలి?" నాకు తెలియదన్నాను. వాటికి పేరు పెట్టవలసిన మనిషి లేరు.